గొలుసు తీసి కొలవండి

కలకత్తాలో పశువైద్యం చదవడానికో, కొత్తగా ఉద్యోగంలో చేరడానికో వచ్చిన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు సంత్రాగాఛిలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. కుక్కల కళ్ళకు వైద్యం చేసిన తెలుగావిడ ఒకరున్నారని ఎవరో చెప్పి ఉంటారు. టీ తాగాక అందరూ అడిగేది ఒకటే.

"అమ్మా, కంటి ఒత్తిడి కొలవడానికి ఏ యంత్రం మంచిది?"

ఏదైనా మంచిదే అంటాను. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. ఇంతదూరం వచ్చింది ఈ మాట కోసమా అన్నట్టు చూస్తారు. కుక్కను ఎవరు పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకోవాలి అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగని ఆ ప్రశ్నకే జవాబు రాస్తున్నాను. బెంగాలీలో రాస్తే నాకు ఇంకా తేలిగ్గా వచ్చేది. తెలుగు నేను చర్చిలో ఆదివారం బడిలో నేర్చుకున్నదే. కానీ బెంగాలీలో రాస్తే ఇందులో ఉన్నవాళ్ళు చదువుతారు. వాళ్ళు చదివినా ఏమీ మారదని నాకు తెలుసు. మీరు చదివితే ఏమైనా మారవచ్చు.

వేళ్ళతో చూసిన రోజులు

మీకు అలవాటైన చేతియంత్రాలు మా కాలంలో లేవు. కుక్క కన్ను ఎర్రబడితే రెప్ప మూసి, రెండు చూపుడువేళ్ళతో మెల్లగా నొక్కి చూసేవాళ్ళం. ద్రాక్షపండులా ఉంటే పరవాలేదు, గోలీకాయలా ఉంటే ఒత్తిడి పెరిగినట్టు. గోలీకాయలా తగిలేసరికి చాలామాట్లు ఆ కన్ను అప్పటికే పోయి ఉండేది.

బెహాలా నుంచి ఒక పెద్దాయన తన స్పానియల్‌ను ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో వచ్చాడు. కన్ను ఎర్రగా ఉంది, నీరు కారుతోంది. అంతకుముందు చూసిన డాక్టరు కండ్లకలక అని చుక్కలు ఇచ్చాడట. నేను చూసేసరికి నల్లగుడ్డు మీద పొగ కమ్మింది. కంటిముందు దీపం ఆడిస్తే కన్ను కదల్లేదు. గ్లకోమా. మన పెద్దలు నీటికాసులు అనేవారే, అది. లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి, వెనక ఉన్న నరాన్ని నలిపేస్తుంది. నలిగిన నరం మళ్ళీ రాదు. ఆ మాట చెబితే పెద్దాయన, "అయితే రెండో కన్ను?" అన్నాడు. దాన్ని కొలవడానికి నా దగ్గర వేళ్ళు తప్ప ఏమీ లేవు.

అందుకని యంత్రం వచ్చినరోజు నేను ఎంత సంతోషించానో మీరు ఊహించలేరు. యంత్రం మీద నాకు ఈరోజుకీ కోపం లేదు. అది అబద్ధం చెప్పదు. కంటి ముందుపొరకు, అంటే కార్నియాకు, తగిలించినప్పుడు లోపల ఎంత ఒత్తిడి ఉందో అంతే చెబుతుంది. ఆ ఒత్తిడి జబ్బువల్ల వచ్చిందా, మన చేతివల్ల వచ్చిందా అన్నది దానికి తెలియదు. అది మనకు తెలియాలి.

బరుణ్‌దా

నేను ఎక్కువ కాలం పనిచేసింది దక్షిణ కలకత్తాలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో. దాని యజమాని డాక్టర్ బరుణ్. అందరికీ బరుణ్‌దా, అంటే బరుణ్ అన్నయ్య. చేతిలో పనితనం ఉన్న మనిషే. ఎముకల ఆపరేషన్లలో ఆయన చెయ్యి చూసి నేర్చుకున్నవాళ్ళం చాలామందిమి. ఆ మాట చెప్పకపోతే నాది అన్యాయం అవుతుంది.

కంటి విభాగం నాది. యంత్రం కొన్నాక మాత్రం దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. పేరున్నవాళ్ళ కుక్క వస్తే ఆయనే గదిలోకి వచ్చి, యంత్రం అందుకుని, టిక్ టిక్ మనిపించి, తెర మీద అంకె యజమానికి చూపించేవాడు. యజమానులు ఆ అంకెను భక్తిగా చూసేవారు. పరీక్ష చేయడం, చేసినట్టు చూపించడం వేరువేరు పనులని నాకు ఆ గదిలోనే తెలిసింది. రెండోదానికే జనం ఎక్కువ గౌరవం ఇస్తారని కూడా అక్కడే తెలిసింది.

బాదల్

రేవు దగ్గర గోదాములకు కాపలా పెట్టే ఒక ప్రైవేటు సంస్థ తన కుక్కలను మా దగ్గరకు పంపేది. వాటిలో బాదల్ అని నల్ల లాబ్రడార్ ఒకటి. లారీల్లో, పెట్టెల్లో మందుగుండు వాసన పట్టడం దాని పని. దాన్ని పట్టుకునేవాడు సింహాచలం. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో కూలికి వచ్చాడట. సింహాచలం పుట్టిందీ పెరిగిందీ ఏక్‌బాల్‌పూర్‌లో. నన్ను మొదటిసారి చూసినప్పుడు హిందీలో మొదలుపెట్టి, నా పేరు మార్త అని, మాది తెలుగు ఇల్లని తెలిశాక ఇక మా మధ్య వేరే భాష వినబడలేదు.

ఒకరోజు ఆ సంస్థ మేనేజరు దత్తాబాబు స్వయంగా వచ్చాడు. వెనకాల సింహాచలం, బాదల్. లారీలోకి ఎక్కుతూ కుక్క జారిపడిందట. చూపు మందగించిందని మేనేజరు అనుమానం.

మేనేజరు బరుణ్‌దాతో మాట్లాడుతూండగా సింహాచలం నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "డాట్రమ్మా, ఈడి కళ్ళకేటీ అవనేదు. ఎక్కే బల్ల మీద డీజిలు ఒలికిపోయున్నాది. ఈడు జారినాడు, ఎనకాలే నానూ జారినాను. మరి నా కళ్ళు కూడా సూడమనండి."

నవ్వు ఆపుకుని బాదల్ కళ్ళు చూశాను. ఎరుపు లేదు. కార్నియా అద్దంలా ఉంది. దీపం వేస్తే రెండు పాపలూ చటుక్కున ముడుచుకున్నాయి. దూది ఉండ వదిలితే నేలను తాకేదాకా కళ్ళతో వెంబడించింది.

అంతలో బరుణ్‌దా యంత్రం అందుకున్నాడు. బాదల్‌కు ఎత్తు బల్ల అంటే భయం. వెనక్కి గింజుకుంది. దత్తాబాబు ముందుకు వచ్చి, "ఇలా పట్టుకోవాలి" అని సింహాచలం చేతిలోంచి గొలుసు లాక్కుని పైకి బిగించాడు. లాగినకొద్దీ మెడకు బిగిసే గొలుసు అది. కుక్క నోరు తెరిచి గురకపెడుతోంది. బరుణ్‌దా ఎడమచేతి బొటనవేలితో రెప్పను పైకి ఎత్తి పట్టుకున్నాడు. ఆ వేలు ఎముక మీద లేదు, కనుగుడ్డు మీద ఉంది. క్లినిక్ కుర్రాడు ఫోటో తీశాడు. టిక్ టిక్.

"ముప్పై ఒకటి" అన్నాడు. రెండో కన్ను ఇరవై తొమ్మిది.

కుక్కకు మామూలుగా పదికీ ఇరవైకీ మధ్య ఉండాలి. పాతిక దాటితే అనుమానించాలి.

"గ్లకోమా మొదలైంది. ఇంకా పైకి కనబడదు. యంత్రం కాబట్టి పట్టుకుంది" అన్నాడు బరుణ్‌దా.

"ఒకసారి గొలుసు వదులు చేసి మళ్ళీ చూద్దామా దాదా?" అన్నాను.

"తర్వాత" అని, దత్తాబాబు భుజం మీద చెయ్యి వేసి తన గదికి టీకి తీసుకుపోయాడు.

గొలుసు తీశాక

వాళ్ళు వెళ్ళగానే సింహాచలాన్ని గొలుసు తీసేయమన్నాను. బల్ల వద్దు, నేల మీదే పడుకోబెట్టమన్నాను. అతను కింద కూర్చుని, "రాయ్యా, కూకో, ఏటీ సెయ్యర్లే" అన్నాడు. బాదల్ ముందుకాళ్ళు చాపి అతని మోకాలి మీద గడ్డం ఆనించింది. ఊపిరి మామూలయ్యేదాకా ఆగాను. రెప్పను కంటిచుట్టూ ఎముక మీద వేళ్ళు ఆన్చి తెరిచాను. మెడను ఎవరూ ముట్టుకోలేదు. బరుణ్‌దా వదిలివెళ్ళిన యంత్రంతో కొలిచాను. కొంచెం ఆగి మళ్ళీ కొలిచాను.

"ఎంతమ్మా?"

"పదిహేడు. రెండోది పదహారు."

"అంటే ఏటి?"

"అంటే నీ కుక్క కళ్ళు నీ కళ్ళకంటే బాగున్నాయి తమ్ముడూ."

అతను బాదల్ తలను రెండుచేతులా పట్టుకుని నుదుటికి నుదురు ఆనించాడు.

పిల్లలూ, ఈ భాగం రెండుసార్లు చదవండి. మెడ బిగిస్తే తలలోంచి రక్తం కిందికి దిగే దారి ఇరుకవుతుంది, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. గింజుకుంటే పెరుగుతుంది. రెప్పను నొక్కి తెరిస్తే పెరుగుతుంది. మూడూ కలిస్తే ఆరోగ్యమైన కన్ను జబ్బుకన్ను అంకె చూపిస్తుంది. అంకె ఎక్కువ వచ్చినప్పుడు మొదట కుక్కను అనుమానించకండి. మీ చేతిని, పట్టుకున్నవాడి చేతిని అనుమానించండి. కన్ను ఒకటి చెబుతూ అంకె ఇంకొకటి చెబితే, ఆగి మళ్ళీ కొలవండి. ఇందులో పెద్ద చదువు ఏమీ లేదు. బరుణ్‌దాకు తెలియనిదీ కాదు.

"రేపు కాదు అంటే"

మేనేజరు వెళ్ళాక బరుణ్‌దా గదికి వెళ్ళి చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టకుండానే విన్నాడు.

"కంటి ఒత్తిడి రోజంతా ఒకేలా ఉండదు మార్తా. నీకు తెలియనిదా?"

"ఉండదు. కానీ ఒక కప్పు టీ తాగేంతలో సగానికి పడిపోదు దాదా. గొలుసు బిగిసి ఉంది. మీ వేలు గుడ్డు మీద ఉంది."

ఆయన ముఖం ఎర్రబడింది. "నేను ఆయన ఎదుట చెప్పేశాను. ఇవాళ అవునని రేపు కాదంటే, ఇంతవరకు మనం చెప్పినవన్నీ కూడా కాదేమో అంటారు."

"అననివ్వండి. వాటిలో కూడా తప్పులు ఉన్నాయేమో చూద్దాం."

అప్పుడు కప్పు కింద పెట్టాడు. మాట్లాడినప్పుడు గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నువ్వు చాలా మంచి డాక్టరువి. మనుషులతో ఎలా మెలగాలో ఒక్కటే నేర్చుకోలేదు."

నా పనిలో నాకు దొరికిన పెద్ద బిరుదు అదే. మీకు కూడా ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. దొరికినప్పుడు గుర్తుపట్టండి. అది పొగడ్త కాదు, తలుపు మూయడం.

మర్నాడు నేనే దత్తాబాబుకు ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే విన్నాడు.

"మేడమ్, మీ క్లినిక్ పెద్ద డాక్టరుగారు ఒక మాట చెప్పారు. మీరు ఇంకో మాట చెబుతున్నారు. నేను ఎవరి మాట వినాలి?"

"ఎవరి మాటా వద్దు. కుక్కను తీసుకురండి. గొలుసు లేకుండా మీ ఎదుటే కొలుస్తాను. కావాలంటే ఇంకో డాక్టరును కూడా పిలవండి."

"ఎందుకు మేడమ్ శ్రమ? గోదాముల్లో కెమెరాలు పెట్టేస్తున్నాం. కుక్కల్ని ఎలాగూ తగ్గించాలి. ఆరోగ్యం బాగాలేనివాటితో మొదలుపెడితే ఎవరూ తప్పుపట్టరు."

అప్పటిదాకా అది పొరపాటు అనుకున్నాను. పొరపాటు అయితే దిద్దవచ్చు. ఆ అంకె వాళ్ళకు అవసరం. అవసరమైన అంకెను ఎవరూ దిద్దరు.

పైవాళ్ళ దాకా

ఊరుకోలేదు. ఆ సంస్థ డైరెక్టరును కలవడానికి రేవు దగ్గర వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. లోపలికి పిలిచారు, కూర్చోబెట్టారు, నిమ్మరసం ఇచ్చారు. నేను చెప్పింది పూర్తిగా విని ఆయన అడిగింది ఒక్కటే: "ఈ విషయం డాక్టర్ బరుణ్‌కు తెలుసా?" నేను మెట్లు దిగేలోపే ఫోన్ వెళ్ళినట్టుంది. క్లినిక్‌కు చేరేసరికి కంటి గదికి తాళం ఉంది. తాళంచెవి బరుణ్‌దా దగ్గర ఉంది. నన్ను టీకాల బల్లకు మార్చారు.

తోటి డాక్టర్లు మంచివాళ్ళే. ఒక్కొక్కరే వచ్చి, "నువ్వు చెప్పిందే నిజం దిది" అన్నారు. ఒక్కొక్కరే వచ్చారు, తలుపు దగ్గరగా వేసి చెప్పారు. ఆ నిజాన్ని నలుగురూ కలిసి బరుణ్‌దా గదిలో చెబుదాం రండి అన్నాను. ఎవరూ రాలేదు. వాళ్ళను నేను తిట్టను. కానీ తలుపు వేసి చెప్పే నిజం చెప్పినవాడి మనశ్శాంతికి తప్ప ఎవరికీ పనికిరాదు.

ఆ వర్షాకాలం వెళ్ళేలోగా నేను మానేసి, హౌరాలో ఒక చిన్న క్లినిక్‌లో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే. అక్కడ యంత్రం లేదు. ఉన్నవాళ్ళను అడిగి తెచ్చుకునేదాన్ని.

బాదల్‌ను పనిలోంచి తీసేశారు. పట్టుకోవడానికి కుక్క లేకపోతే మనిషి ఎందుకని సింహాచలాన్నీ తీసేశారు. చూపు లేని కుక్క ఎవరికీ అక్కర్లేదు కనుక, కావాలంటే తీసుకుపొమ్మన్నారు. తీసుకుపోయాడు.

హౌరా క్లినిక్‌కు ఇద్దరూ వచ్చారు. బరుణ్‌దా రాసిచ్చిన చుక్కలమందు చూపించి, "ఎయ్యాలేటమ్మా?" అన్నాడు. వద్దన్నాను. సీసా అక్కడే చెత్తబుట్టలో పడేశాడు. నేను జరిగిందంతా చెప్పి, నా చేతనైనది చేశానన్నాను. అతను నేలవైపు చూస్తూ విన్నాడు.

"తెలుసమ్మా. నిజిం మీకాడున్నాది. సంతకం ఆరికాడున్నాది. కుక్క నాకాడున్నాది. కొలువు మాత్రం ఎవులికాడా నేదు."

ఇంకో కాపలా సంస్థలో చేరతానంటే బాదల్ చూపు బాగుందని రాసిచ్చాను. వాళ్ళు మర్యాదగా తీసుకుని, నిర్ధారణకు పాత క్లినిక్‌ను అడిగారట. అక్కడినుంచి ఏ జవాబు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సింహాచలం మెటియాబ్రుజ్‌లో కుట్టుపని కార్ఖానాలకు గుడ్డల మూటలు మోసే పనిలో కుదిరాడు. పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే ఇల్లు. కుక్కను గదిలో పెట్టి తాళం వేస్తే రోజంతా తలుపు గీరుతోందని పక్కవాళ్ళు గొడవ. చివరికి బాదల్‌ను వాళ్ళ అక్క అప్పలనరసమ్మ ఇంటికి పంపాడు. ఆమె భర్త రైల్వేలో పనిచేస్తాడు. వాళ్ళ క్వార్టరు మా ఇంటికి దగ్గరే.

ఉపన్యాసం

కొన్నేళ్ళ తర్వాత కుర్ర డాక్టర్ల కోసం ఒక సభ పెట్టారు. పెద్దదాన్నని నన్నూ పిలిచారు. కంటి ఒత్తిడి కొలిచే యంత్రాల మీద బరుణ్‌దా ఉపన్యాసం. తెర మీద ఒక నల్ల లాబ్రడార్ ఫోటో. పైకి ఏ లక్షణమూ లేకుండానే గ్లకోమాను పట్టుకున్న కేసు అట. పిల్లలు ఫోన్లతో ఆ ఫోటో తీసుకుంటున్నారు. ఫోటోలో మెడ దగ్గర గొలుసు, దాన్ని పైకి లాగుతున్న చెయ్యి స్పష్టంగా కనబడుతున్నాయి. ఆ గదిలో అందరూ పశువైద్యులే. ఒక్కరూ ఆ చెయ్యి చూడలేదు.

నేను లేచాను. "ఆ కుక్కను ఎలా పట్టుకున్నారు? గొలుసు తీసి మళ్ళీ కొలిచారా?"

బరుణ్‌దా నన్ను చూసి నవ్వాడు. ముసలివాడయ్యాడు. నవ్వు మాత్రం మారలేదు. "మార్తాదిది మా పాతమనిషి. ఆ కుక్కంటే ఆవిడకు మహా ప్రేమ."

గదంతా నవ్వింది. నేను కూర్చున్నాను. తర్వాత ప్రశ్న యంత్రం బ్యాటరీ గురించి.

బరుణ్‌దాకు ఇప్పుడు ఆ కేసు నిజమనే నమ్మకం కుదిరిందని నా అనుమానం. మొదట అబద్ధమని తెలిసి చెప్పినవాడికి కొంచెమైనా సిగ్గు మిగులుతుంది. చెప్పి చెప్పి నమ్మినవాడికి అదీ ఉండదు. ఆరోజు నన్ను కుంగదీసింది ఆయన కాదు, ఆ ఫోన్లు పట్టుకున్న పిల్లలు. మా ఇంటికి వచ్చి టీ తాగి యంత్రం పేరు అడిగేది వాళ్ళలాంటివాళ్ళే.

అప్పలనరసమ్మ ఇల్లు

మొన్న కాళీపూజ ముందు, అంటే మన దీపావళి వేళకు, అప్పలనరసమ్మ నన్ను పిలిచింది. "బాదలుకి ఏటో అయిపోనాది, ఓపాలి రండమ్మా" అంది.

వెళ్ళాను. బాదల్ మూతి నెరిసింది, ఒళ్ళు చేసింది. కళ్ళు మాత్రం నల్లగా మెరుస్తున్నాయి. గుమ్మంలోనే నన్ను గుర్తుపట్టి తోక ఊపింది.

"ఎవులింటికొచ్చినా ఆళ్ళ సంచీ వాసన సూత్తాడమ్మా. మామూలుగా సూసి ఒగ్గేత్తాడు. ఇయేళ మాయన బజారునుండొచ్చినకాడినుండి ఇలాగే కూకున్నాడు. తిండెట్టినా నెగడు. నడుం పట్టీసిందేటో అని భయమేసింది."

బాదల్ గది మధ్యలో, గోడవార పెట్టిన ఒక గుడ్డసంచీకి ఎదురుగా కూర్చుని ఉంది. వెన్ను నిటారుగా, చెవులు ముందుకి, మూతి సంచీవైపు. సంచీ తెరిచి చూశాను. పిల్లలకోసం తెచ్చిన మతాబులు, చిచ్చుబుడ్లు, టపాకాయలు.

నడుముకు ఏమీ కాలేదు. మందుగుండు దొరికితే మొరగకుండా దాని ఎదుట కూర్చోవాలని దానికి నేర్పారు. కూర్చుంది. తన పని తాను సరిగ్గా చేసి, సరే అనే మాట కోసం ఎదురుచూస్తోంది. అప్పలనరసమ్మ పాపం తెలియక, "నెగు, అవతలికి పో" అని మెడపట్టి తోస్తోంది. తోసినప్పుడల్లా కాస్త జరిగి మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంటోంది.

నేను దాని పక్కన కూర్చుని, "శభాష్ బాదల్" అన్నాను. తెలుగులో అన్నాను, బెంగాలీలో అన్నాను, హిందీలో అన్నాను. చెవి కూడా కదపలేదు. అది ఎదురుచూస్తున్న మాట ఏమిటో నాకు తెలియదు. ఆ మాట తెలిసిన మనిషి ఆ వేళప్పుడు మెటియాబ్రుజ్‌లో మూటలు మోస్తున్నాడు.